ఫోన్ పోయినా ఫొటో చేతికందాలి

పునాది గుంటలో కాంక్రీటు పోశాక లోపల ఎన్ని ఇనుప సీకులు కట్టారో, ఎంత ఎడంలో కట్టారో ఇక ఎవరి కంటికీ కనపడదు. అందుకే పోతకు ముందు ప్రతి ఫుటింగు మీదా టేపు పరిచి, కవర్ బ్లాకులు కనపడేలా వంగి, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీస్తాం. బిల్లుకి అవే సాక్ష్యం. సైట్ ఇంజనీరుగా 12 ఏళ్ళుగా నేను చేస్తున్న పని ఇది. మూడేళ్ళ కిందట ఒక అపార్ట్‌మెంటు పనిలో అలా 36 ఫుటింగుల ఫొటోలు తీశాను. ఆ మరుసటి వారం సంపు లోతు చూద్దామని వంగితే చొక్కా జేబులోంచి ఫోను జారి నీళ్ళలో పడింది. బియ్యం డబ్బాలో పెట్టాం, షాపులో విప్పించాం. బోర్డు పోయిందన్నారు.

ఫోను పోతే పోయింది, ఫొటోలన్నీ గూగుల్‌లో ఉంటాయిలే అనుకున్నాను. మర్నాడు కొత్త ఫోను కొని నా మెయిల్‌తో తెరిచి చూస్తే చివరి ఫొటో ఐదు నెలల కిందటిది. ఉచితంగా ఇచ్చే 15 జీబీ అప్పుడే నిండిపోయింది. నిండిన రోజు నుంచి ఒక్క ఫొటో కూడా పైకి ఎక్కలేదు. నిండిందని నోటిఫికేషన్ వచ్చిన ప్రతిసారీ, పనిలో ఉన్నాను కదా అని, వేలితో పక్కకు తోసేశాను.

బిల్లు ఆగింది. సీకులు కట్టిన బ్యాచి కూలి ఆ బిల్లులోనే ఉంది. మేస్త్రి రోజూ పొద్దున్నే వచ్చి, "ఇవాళేమన్నా తేలిందా సార్?" అని అడిగేవాడు. ఆయనకు నేను వాట్సాప్‌లో పంపిన ఫొటోలు కొన్ని దొరికాయి. మిగతావి ఆయన అప్పట్లో డౌన్‌లోడ్ చేయలేదు. ఇప్పుడు నొక్కితే, పంపినవాళ్ళను మళ్ళీ పంపమని అడగండి అంటోంది. పంపినవాణ్ణి నేనే. దొరికిన వాటిలో తీసిన టైమూ లేదు, తీసిన చోటూ లేదు. వాట్సాప్ మామూలుగా పంపే ఫొటోలో ఆ వివరాలు ఉంచదు. ఫైలు పేరులో ఉండే తేదీ ఆ ఫోనుకు అందిన తేదీ మాత్రమే. రెండు ఫుటింగుల పక్కన తవ్వి చూపించి, మిగతా వాటికి చేతిరాత రిజిస్టరు చూపించి, ఎలాగో బిల్లు పాస్ చేయించాం. ఈలోగా రెండు నెలలు గడిచాయి. కూలీలు ఆ రెండు నెలలూ అప్పు మీద బతికారు.

అదే ఫోనులో ఇంకొకటి పోయింది. అక్క కూతురి బారసాల నాడు మా అమ్మమ్మ ఒళ్ళో పసిదాన్ని పడుకోబెట్టి, పక్కన అమ్మను, అక్కను కూర్చోబెట్టి తీసిన ఫొటో. నాలుగు తరాల ఆడవాళ్ళు ఒకే చోట. మా కుటుంబం గ్రూపులో పెట్టాను కాబట్టి ఒక కాపీ మిగిలింది. దాన్ని గోడకు పెట్టే సైజులో, 12 అంగుళాలకు 18 అంగుళాలు, ప్రింట్ వేయించబోతే స్టూడియో ఆయన తెర మీద పెద్దది చేసి చూపించి, "క్లారిటీ లేదండీ, ఒరిజినల్ తీసుకురండి" అన్నాడు. వాట్సాప్ మామూలు పద్ధతిలో ఫొటో పొడవును సుమారు 1600 పిక్సెళ్ళకు కుదిస్తుంది. 18 అంగుళాల మీద పరిస్తే అంగుళానికి 90 కూడా రావు. అమ్మమ్మ ముఖంలో ముడతలన్నీ కలిసిపోయి మైనం పూసినట్టు కనపడింది.

అప్పటి నుంచి నాతో పనిచేసే ప్రతి ఒక్కరినీ ఒక్క ప్రశ్న అడుగుతున్నాను. మీ ఫోను బల్ల మీద పెట్టి, పక్కవారి ఫోనులోనో ఆఫీసు కంప్యూటర్లోనో మీకు బాగా అవసరమైన ఒక ఫొటో నాకు ఐదు నిమిషాల్లో తీసి చూపించగలరా? చూపించగలిగితే ఆ ఫొటో భద్రంగా ఉన్నట్టు. లేకపోతే అది ఫోనుతోపాటే ఉండి ఫోనుతోపాటే పోతుంది. ఇది ఇంజనీర్లకే కాదు. పంట నష్టం ఫొటోలు తీసే వ్యవసాయ సహాయకులు, బ్లౌజు డిజైన్లు ఫోనులో దాచుకునే టైలర్లు, కొటేషన్ల కోసం పాత పని చూపించే ఫ్యాబ్రికేషన్ వాళ్ళు, బండి దెబ్బతిన్న ఫొటోలు తీసే ఇన్సూరెన్స్ సర్వేయర్లు, అందరి జీవనాధారమూ ఇప్పుడు గ్యాలరీలోనే ఉంది.

ముందు ఈ రోజే చూడాల్సింది, మీ బ్యాకప్ నిజంగా నడుస్తోందా లేదా అని. ఆండ్రాయిడ్ ఫోనైతే గూగుల్ ఫొటోస్ తెరిచి పైన కుడివైపు మీ బొమ్మ ఉన్న గుండ్రం నొక్కండి. బ్యాకప్ పూర్తయిందని ఉంటే సరే. వైఫై కోసం ఎదురుచూస్తోందని ఉన్నా, ఇన్ని ఫొటోలు మిగిలాయని ఉన్నా, స్టోరేజి నిండిందని ఉన్నా మీరు నాలాగే గాల్లో దీపం పెట్టుకున్నట్టే. ఇంట్లో వైఫై లేనివాళ్ళు చాలామందికి ఇక్కడే ఆగిపోతుంది. సెట్టింగుల్లో మొబైల్ డేటాతో కూడా బ్యాకప్ చేయమని చెప్పి, రోజుకింత అని హద్దు పెట్టుకోవచ్చు. రోజూ మిగిలిపోయే డేటా దానికి సరిపోతుంది. కొన్ని ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి వెనక నడిచే యాప్‌లను ఆపేస్తాయి. అలాంటి ఫోనుంటే రాత్రి ఛార్జింగ్ పెట్టేటప్పుడు యాప్‌ను ఒకసారి తెరిచి చూసి పడుకోండి.

అక్కడే ఏయే ఫోల్డర్లు పైకి వెళ్తున్నాయో కూడా చూడాలి. మామూలుగా కెమెరాతో తీసినవే వెళ్తాయి. వాట్సాప్‌లో వచ్చినవి, స్క్రీన్‌షాట్లు, వేరే కెమెరా యాప్‌తో తీసినవి వెళ్ళాలంటే ఆ ఫోల్డరును మీరే ఆన్ చేయాలి. మా సైట్లలో చాలామంది ఫొటో మీదే చోటు, టైము అచ్చయ్యే జీపీఎస్ కెమెరా యాప్‌లు వాడతారు. అలాంటి యాప్ ఫొటోలను తన సొంత ఫోల్డర్లో పెడుతుంటే, ఆ ఫోల్డరు ఆన్ చేయనివాళ్ళకు బ్యాకప్ ఏళ్ళ తరబడి నడిచినా అసలు పని ఫొటోలు ఒక్కటీ ఎక్కవు.

15 జీబీ సంగతి. 2015లో గూగుల్ ఫొటోస్ వచ్చినప్పుడు కొద్దిగా కుదించిన ఫొటోలను ఎన్నయినా ఉచితంగా ఉంచుకోనిచ్చింది. 2021 జూన్ 1 నుంచి ఆ వెసులుబాటు ఆపేశారు. ఆ ఆరేళ్ళలో పడిన అలవాటు మనలో చాలామందికి ఇంకా వదల్లేదు. ఇప్పుడు మెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ ఆ 15 జీబీనే పంచుకుంటాయి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోనే పడుతుంది. ముందు వాట్సాప్ బ్యాకప్‌లోంచి వీడియోలు తీసేయండి, పెద్ద అటాచ్‌మెంట్లున్న పాత మెయిళ్ళు తీసేయండి. అయినా చాలకపోతే డబ్బు కట్టి చోటు కొనుక్కోమనే నా మాట. చిన్న ప్లాను ఖర్చు ఒక నెల మొబైల్ రీచార్జి కంటే తక్కువే. ఫొటోలే మీ పనికి ఆధారమైతే ఇది టేపు, హెల్మెట్ కొన్నట్టే లెక్క. క్వాలిటీ దగ్గర 'స్టోరేజ్ సేవర్' ఎంచుకుంటే ఫొటో 16 మెగాపిక్సెళ్ళకు మించకుండా కుదిస్తుంది. సైటు ఫొటోలకే కాదు, గోడకు పెట్టే ప్రింటుకు కూడా అది సరిపోతుంది. వీడియోలు మాత్రం 1080పికి దిగుతాయి. పెళ్ళి వీడియోల వంటివాటికి ఒరిజినల్ క్వాలిటీ పెట్టుకోండి.

ఇప్పుడు చెప్పబోయేది జనం ఎక్కువగా దెబ్బతినే చోటు కాబట్టి నిదానంగా చదవండి. గూగుల్ ఫొటోస్ మనం దాచుకునే బీరువా కాదు, అద్దం. ఆ యాప్‌లో ఫొటో తీసేస్తే పైన కూడా పోతుంది. మా స్టోర్స్‌లో పనిచేసే కుర్రాడు ఫోను నిండిందని ఆ యాప్‌లోనే రెండు వేల ఫొటోలు టిక్కు పెట్టి డిలీట్ కొట్టాడు. "పైన ఉన్నాయిగా అన్నా, ఫోనులోవే తీశాను" అన్నాడు. పైనవి కూడా పోయాయి. అదృష్టం కొద్దీ మూడో వారంలోనే చూసుకున్నాడు. బ్యాకప్ అయిన ఫొటోలు ట్రాష్‌లో 60 రోజులు ఉంటాయి, ఆ తర్వాత ఎవరూ తేలేరు. బ్యాకప్ కానివైతే 30 రోజులే. ఫోనులో మాత్రమే ఖాళీ కావాలంటే ఆ యాప్‌లోనే 'ఫ్రీ అప్ స్పేస్' అని వేరే బటన్ ఉంది. అది పైకి ఎక్కినవాటిని మాత్రమే ఫోనులోంచి తీసేస్తుంది, పైన ఉంచుతుంది. డిలీట్ వేరు, ఫ్రీ అప్ స్పేస్ వేరు. ఐఫోనులోనూ అంతే: ఐక్లౌడ్ ఫొటోస్ ఆన్‌లో ఉంటే ఫోనులో తీసేసింది అన్ని చోట్లా పోతుంది, 'రీసెంట్లీ డిలీటెడ్'లో 30 రోజులు ఉంటుంది. అక్కడ ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే.

అద్దం పగిలినా మిగలాలంటే రెండో కాపీ మన చేతిలో ఉండాలి. నేను 1 టీబీ హార్డ్ డిస్కు వాడుతున్నాను. ఫొటో ఒక్కోటి 5 ఎంబీ అనుకున్నా అందులో సుమారు రెండు లక్షలు పడతాయి. వీడియోలే చోటు తింటాయి; ఐఫోనులో 4కె వీడియో నిమిషానికి సెట్టింగును బట్టి వందల ఎంబీ అవుతుంది. ప్రతి నెలా మొదటి ఆదివారం ఫోనును కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, ఫోను తెర మీద 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకుని, డీసీఐఎం అనే ఫోల్డరు తెరుస్తాను. ఆ నెల ఫొటోలను కాపీ చేస్తాను, కట్ చేయను. కట్ చేస్తుండగా మధ్యలో కేబుల్ కదిలితే అక్కడా ఇక్కడా కాకుండా పోతాయి. హార్డ్ డిస్కులో 2025-01, 2025-02 అని నెలకో ఫోల్డరు. ఇలా ముందు సంవత్సరం, తర్వాత నెల రాస్తే అవే వరసలో నిలబడతాయి. కాపీ అయ్యాక రెండు వైపులా ఫైళ్ళ సంఖ్య సరిచూసి, మొదటిది, మధ్యది, చివరిది తెరిచి చూస్తాను. ఒక వీడియోను చివరిదాకా ఆడిస్తాను. మొత్తం 20 నిమిషాల పని.

ఇందులో ఒక క్రమం ఉంది. ముందు హార్డ్ డిస్కుకు కాపీ చేయాలి, తర్వాతే ఫ్రీ అప్ స్పేస్ నొక్కాలి. తిరగేస్తే ఫోనులో అసలు ఫొటో ఉండదు, కేబుల్ పెట్టినా రాదు. ఐఫోనులో 'ఆప్టిమైజ్ స్టోరేజ్' ఆన్‌లో ఉన్నా ఇదే ఇబ్బంది: ఫోనులో ఉండేది చిన్న నకలు, ఒరిజినల్ ఐక్లౌడ్‌లో ఉంటుంది. అప్పటికే ఖాళీ చేసేసినవాళ్ళకు గూగుల్ టేకవుట్ అనే దారి ఉంది. మీ ఫొటోలన్నీ జిప్ ఫైళ్ళుగా కట్టి ఇస్తుంది. కానీ మీరు యాప్‌లో మార్చిన తేదీల్లాంటి వివరాలు విడి ఫైళ్ళలో వస్తాయి, సర్దుకోవడానికి ఓపిక కావాలి.

కంప్యూటర్ లేనివాళ్ళు ఓటీజీ పెన్‌డ్రైవ్ కొనుక్కుని నేరుగా ఫోనుకే గుచ్చుకోవచ్చు. పాత పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చుకోవాలి, మార్చితే అందులో ఉన్నవి చెరిగిపోతాయి కాబట్టి ఖాళీ చేశాకే మార్చాలి. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే ఏళ్ళ తరబడి నమ్ముకోవద్దు. ఫోనులో ఉన్న మెమరీ కార్డు రెండో కాపీ కిందకు రాదు, ఫోనుతోపాటే దొంగ జేబులోకి వెళ్తుంది. ఇంటర్‌నెట్ సెంటర్లో కాపీ చేయించుకుంటే ఆ కంప్యూటర్లో మీ ఫొటోలు మిగిలిపోకుండా చూసుకుని లేవండి. ఆడపిల్లల ఫొటోలు, ఆధార్ కార్డుల ఫొటోలు అందులో ఉంటాయి. ఆధార్, లైసెన్సు లాంటివి అసలు గ్యాలరీలో ఉంచాల్సిన పనే లేదు, డిజిలాకర్‌లో పెట్టుకుంటే ఎక్కడి నుంచైనా తీయవచ్చు.

ఆ హార్డ్ డిస్కు ఎక్కడ ఉంచుతారన్నది కూడా ముఖ్యమే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. అక్కడ ఉండే మా సహోద్యోగి ఇంట్లో ల్యాప్‌టాప్, హార్డ్ డిస్కు, పెళ్ళి ఆల్బమ్ మూడూ ఒకే బీరువా కింది అరలో ఉన్నాయి. నీళ్ళు తీశాక వెళ్తే ఆల్బమ్ పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి, విడదీస్తే రంగు ఊడి వచ్చింది. హార్డ్ డిస్కు తెరుచుకోలేదు. ఆయన భార్య ఆ తడి ఆల్బమ్‌ను డాబా మీద మూడు రోజులు ఎండబెట్టింది. పీటర్ క్రో అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క ఇలాంటి రోజు కోసమే: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంటికి దూరంగా. మనకు ఫోను ఒకటి, గూగుల్ ఒకటి, హార్డ్ డిస్కు ఒకటి అనుకుంటే లెక్క సరిపోతుంది. నా హార్డ్ డిస్కులు ఇప్పుడు రెండు. ఒకటి తెనాలిలో అక్క ఇంట్లో ఉంటుంది, పండక్కి వెళ్ళినప్పుడు మార్చుకుంటాను.

దాచడం ఒక ఎత్తు, దొరకడం ఒక ఎత్తు. నలభై వేల ఫొటోల్లో కావలసింది ఐదు నిమిషాల్లో దొరకకపోతే ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మేము చేసేది చాలా చిన్న పని. ఫుటింగు దగ్గర మొదటి ఫొటోలో ఒక పలక ఉంటుంది. దాని మీద సుద్దముక్కతో సైటు పేరు, తేదీ, ఫుటింగు నంబరు పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తాం. ఏళ్ళ తర్వాత ఫైలు పేరు మారినా, తేదీ చెరిగినా ఆ ఫొటో తన సంగతి తానే చెప్పుకుంటుంది. గూగుల్ ఫొటోస్ ఫొటోలో ఉన్న రాతను కూడా చదువుతుంది కాబట్టి, వెతికే చోట ఆ నంబరు కొడితే చాలాసార్లు వెంటనే బయటికి వస్తుంది. టైలరైతే కొలతల చీటీని బ్లౌజు పక్కన పెట్టి తీయొచ్చు. ఒక్కో పనికి ఒక్కో ఆల్బమ్ పెట్టుకోండి. ఎవరైనా తమ ఆల్బమ్ మీతో పంచుకుంటే అందులో మీకు కావలసినవి 'సేవ్' నొక్కి మీ ఖాతాలోకి తెచ్చుకోండి, లేకపోతే వాళ్ళు తీసేసినప్పుడు మీకూ పోతాయి. సెల్లార్లలో సిగ్నల్ ఉండదు, పైన ఉన్న ఫొటో అక్కడ తెరుచుకోదు. అందుకే నడుస్తున్న పని ఫొటోలను ఆ పని అయిపోయేదాకా ఫోనులోనే ఉంచుకోవాలి.

వాట్సాప్‌లో పంపక తప్పనప్పుడు ఫొటోను ఫొటోగా కాక 'డాక్యుమెంట్'గా పంపండి. ఫైలు ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది, తీసిన తేదీతో సహా.

తాళం సంగతి చాలామంది మరిచిపోతారు. ఫోను పోతే కొత్త ఫోనులో ఖాతా తెరవడానికి ఓటీపీ వస్తుంది, అది వచ్చే సిమ్ పోయిన ఫోనులోనే ఉంటుంది. డూప్లికేట్ సిమ్ వచ్చేదాకా మీ ఫొటోలు మీకే అందవు. గూగుల్ ఖాతా సెక్యూరిటీ సెట్టింగుల్లో రెండంచెల తనిఖీ దగ్గర 10 బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారి పనిచేస్తుంది. వాటిని కాగితం మీద రాసి బ్యాంకు పాస్‌బుక్ కవర్లో పెట్టండి. రికవరీ నంబరుగా ఇంట్లో ఇంకొకరి నంబరు ఇవ్వండి. రెండేళ్ళు ఎవరూ తెరవని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు. ఇంటి పెద్ద ఎవరైనా దూరమైతే వారి ఫొటోలు అలా పోకుండా, ఎన్నాళ్ళు వాడకపోతే ఖాతాలోని వాటిని ఎవరికి అందించాలో ముందే రాసిపెట్టుకునే 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్' ఉంది. గడువు 3 నెలల నుంచి 18 నెలల దాకా పెట్టుకోవచ్చు. గూగుల్ ఫొటోస్‌లోని లాక్డ్ ఫోల్డర్ వాడేవాళ్ళు దానికి బ్యాకప్ ఆన్ చేశారో లేదో చూసుకోండి. చేయకపోతే ఆ ఫొటోలు ఆ ఒక్క ఫోనులోనే ఉంటాయి.

ఉద్యోగం చేసేవాళ్ళకు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంటి ఫొటోలు ఆఫీసు మెయిల్ ఖాతాలో పెట్టకండి. రాజీనామా చేసిన సాయంత్రమే ఆ ఖాతా మూసేస్తారు, పిల్లల ఫొటోలు ఇవ్వండని అడుక్కోవాల్సి వస్తుంది. ఆఫీసు ఫొటోలు, డ్రాయింగులు కూడా అడగకుండా మీ సొంత ఖాతాలో పోగేయకండి. కంపెనీ చెప్పిన ఫోల్డర్లో అదే రోజు ఎక్కించి, ఎక్కించానని ఒక మెయిల్ పెట్టండి. తర్వాత బిల్లు దగ్గర మాట వచ్చినప్పుడు ఆ మెయిల్ తేదీ మీ పక్షాన నిలబడుతుంది. ఫోనులో రెండు ఖాతాలున్నవాళ్ళు గూగుల్ ఫొటోస్ ఏ ఖాతాకు పంపుతోందో ఇప్పుడే చూసుకోవాలి.

కొత్త ఫోను కొన్నప్పుడు పాతదాన్ని అదే రోజు ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి, ఎంత తగ్గింపు వస్తుందన్నా సరే. పాత ఫోనులో ఫొటోల సంఖ్య, పైన ఉన్న సంఖ్య, హార్డ్ డిస్కులో ఉన్న సంఖ్య మూడూ ఒక కాగితం మీద రాసి పోల్చండి. కొత్త ఫోనులో మూడేళ్ళ కిందటి ఫొటో ఒకటి, నిన్నటిది ఒకటి వెతికి తెరవండి. రెండూ పూర్తి సైజులో కనపడ్డాక, ఒక నెల పాతదాన్ని సొరుగులో ఉంచి, అప్పుడు రీసెట్ చేసి ఇవ్వండి.